గంట అంటే ఏ గంట?

అమ్మలూ,

స్కిజోఫ్రేనియా అనే మానసిక జబ్బు ఉన్నవాళ్ల జ్ఞాపకశక్తి, ఏకాగ్రత మీద థీసిస్ మొదలుపెట్టావని మీ నాన్న చెప్పాడు. సంతోషం. వాళ్లకు చదివి వినిపించి, ఎన్ని గుర్తున్నాయో చెప్పించడానికి నువ్వు పంపిన పదాల జాబితా చూశాక మాత్రం కాస్త టెన్షన్ పట్టుకుంది, అందుకే వెంటనే రాస్తున్నా.

ఇంగ్లిష్ జాబితాను ఉన్నదున్నట్టు తెలుగు చేసేశావు. అందులో 'గంట' ఉంది. గుళ్లో గంటా, గడియారం గంటా? నేనూ ఒకప్పుడు ఇదే పని చేశాను. ఆ మాట వినగానే ఒక పెద్దాయన "ఇంకా ఎన్ని గంటలు కూర్చోవాలమ్మా?" అన్నాడు. పైగా ఇంగ్లిష్‌లో చిటుక్కున అయిపోయే మాట తెలుగులో మూడు నాలుగు అక్షరాలవుతుంది. మాటలు పొడుగైతే గుర్తుండేవి తగ్గుతాయి, ఎవరికైనా. ఆ తగ్గుదలను జబ్బు ఖాతాలో రాయకు. అంకెలు తిరిగి చెప్పించేటప్పుడూ అంతే. ఫోన్ నంబరు ఏ భాషలో చెబుతారో ముందు అడిగి, ఆ భాషలోనే చదువు. ఎవరికి ఏ భాషలో చదివావో రాసిపెట్టుకో.

90 సెకన్లలో అంకెలకు గుర్తులు వేసే పరీక్ష ఉంది కదా, ఈ జబ్బులో తేడా బాగా పెద్దగా కనబడేది దాంట్లోనే. కానీ ఐదో తరగతితో బడి మానేసి, మళ్లీ పెన్సిల్ పట్టని కూలీ కూడా అందులో వెనకబడతాడు. చదువు సమానంగా ఉంటుందని వాళ్ల అన్నదమ్ములతో పోలుద్దామనిపిస్తుంది. అక్కడా ఒక చిక్కుంది: జబ్బు లేని తోబుట్టువుల్లోనూ ఈ లోపం కొద్దిగా ఉంటుంది. అందుకని అదే ఊరివాళ్లను, అంతే చదువుకున్నవాళ్లను విడిగా వెతుక్కో. తిరుగుడు ఎక్కువే, తప్పదు.

మందుల చీటీ తప్పకుండా చూడు. ఈ జబ్బు మందుల వల్ల వచ్చే వణుకు, బిగుతు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర జ్ఞాపకశక్తిని మందగింపజేస్తుంది. మోతాదు రాసుకోకపోతే నువ్వు కొలిచింది జబ్బునో మాత్రనో నీకే తెలియదు.

నా మొదటి ఏడాది సంగతి చెబుతా. ఒక అబ్బాయికి రెండు గంటలు ఏకబిగిన పరీక్షలు పెట్టి, 'తీవ్ర లోపం' అని రాసేశా. తెల్లవారుజామున బస్సెక్కి వచ్చాడని, టీ చుక్క కూడా తాగలేదని తర్వాత వాళ్లమ్మ చెప్పింది. ఇంకో రోజు భోజనం చేయించి కూర్చోబెడితే మార్కులు చాలా మారాయి. రెండోసారి కాబట్టి అలవాటు కూడా కొంత కలిసొచ్చి ఉంటుందిలే. అయినా ఆ రిపోర్టు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

1996లో మైకేల్ గ్రీన్ అనే అమెరికా పరిశోధకుడు అప్పటి అధ్యయనాలను కలిపి చూసి, రోగి రోజువారీ బతుకు ఎలా సాగుతుందో భ్రమలు, వినబడే గొంతుల కంటే జ్ఞాపకశక్తి, ఏకాగ్రతే ఎక్కువ చెబుతాయన్నాడు. మన ఇళ్లలో ఆ లోపాన్నే 'బద్ధకం' అని తిడతారు. ఉప్పు, పప్పు, సబ్బు తెమ్మంటే ఉప్పొక్కటే తెచ్చే కొడుకు మీద అరుస్తారు. నీ మార్కుల పట్టిక వాళ్లకెందుకు? "ఒకటి చెప్పండి, అది తెచ్చాక రెండోది చెప్పండి, లేదా చీటీ రాసివ్వండి" అను. ఆ పది నిమిషాలు ప్రతి కుటుంబానికీ ఇవ్వు, థీసిస్‌లో లెక్కకు రాకపోయినా సరే.

జాబితా మార్చి పంపు. మా పాలాయనకు చదివి వినిపించి, ఏ మాట దగ్గర ఆగాడో రాస్తాను.

మీ అత్త