ఆ సీసాకి మూత మాత్రం పెట్టకు

అమ్మలూ,

వచ్చే ఆదివారం మీ వంటింట్లో అయిదారేళ్ల పిల్లల్ని కూర్చోబెట్టి వంటసోడా, వెనిగర్‌తో ప్రయోగం చేయిస్తావట కదా, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వినగానే ఎంత పొంగిపోయానో! కెమిస్ట్రీ పుస్తకం కనిపిస్తే చాలు, మంచం కింద దూరే పిల్లవి నువ్వు. అలాంటిదానివి ఎవరూ చెప్పకుండానే దీనికి పూనుకున్నావంటే నాకు ఇంకేం కావాలి! కానీ ఫోన్ పెట్టేస్తూ మీ అమ్మ "సీసాలో పోసి చూపిస్తుందట" అంది. ఇక నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

సామాన్ల గురించి ఎక్కువ చెప్పను. లోపల ఏం జరుగుతోందో కనిపించే ప్లాస్టిక్ గ్లాసులు, ఒక పెద్ద ట్రే, చెంచాలు, పాత తువ్వాళ్లు చాలు. గాజు వద్దు. వంటసోడా ప్యాకెట్ మీద పేరు చదివి మరీ తీసుకో. బేకింగ్ పౌడర్ వేరు. అందులో ఆమ్లం పొడి ముందే కలిపి ఉంటుంది కాబట్టి ఉత్త నీళ్లు పోసినా పొంగుతుంది, నువ్వు చెప్పాలనుకున్న కథ కాస్తా తారుమారవుతుంది. వెనిగర్ వంటకి వాడేదే ఉండాలి, దాంట్లో ఎసిటిక్ ఆమ్లం సుమారు 5 శాతం. ల్యాబుల్లో వాడే గాఢమైన ఎసిటిక్ ఆమ్లం చర్మాన్ని కాల్చేస్తుంది. ఎవరైనా "ఇదైతే ఇంకా బాగా పొంగుతుంది" అని ఇచ్చినా గుమ్మం దాటనివ్వకు.

ఇక సీసా సంగతి.

నేను టీచరుగా చేరిన కొత్తలో మాకు ఒక సీనియర్ మాస్టారు ఉండేవారు. పేరెందుకులే. పిల్లలంటే ప్రాణం ఆయనకి. ఏటా సైన్స్ ప్రదర్శనలో ఇదే ప్రయోగం చేసేవారు. సీసాలో వెనిగర్ పోసి, సోడా పొట్లం జారవిడిచి, పైన బిరడా వదులుగా పెట్టేవారు. కాసేపటికి ఆ బిరడా టప్పున ఎగిరేది, పిల్లలు కేరింతలు కొట్టేవాళ్లు. ఒక ఏడాది సమయానికి బిరడా కనిపించలేదు. చుట్టూ పిల్లలు, వెనక తల్లిదండ్రులు, టెన్షన్‌లో ఆయన ఆ సీసాకి ఉన్న మరమూతనే గట్టిగా బిగించేశారు. కొంతసేపు ఏమీ జరగలేదు. పని చేయలేదనుకుని పిల్లలు ఇంకా దగ్గరికి జరిగారు. ఆయన సీసా చేతిలోకి తీసుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. మామూలుగా నొక్కితే సొట్టపోయే ఆ ప్లాస్టిక్ సీసా రాయిలా బిగుసుకుపోయి ఉంది. అడుగుభాగం బయటికి ఉబ్బింది. అది చూసి ఆయన కంగారుపడి మూత తిప్పారు. సగం తిరిగిందో లేదో, మూత చేతిలోంచి ఎగిరిపోయి ముందు నిలబడ్డ పాప కనుబొమ్మ పైన తగిలింది. రక్తం కారింది, కుట్లు పడ్డాయి. వేలెడంత కిందికి తగిలుంటే కన్ను పోయేది. ఇన్నేళ్లయినా మరమూతల సీసా కనిపిస్తే నా చూపు పక్కనున్న పిల్లల మొహాల మీదికే వెళ్తుంది.

ఆ తర్వాత మాస్టారు ఆ ప్రయోగమే మానేశారు. సోడా డబ్బా ముట్టుకోలేదు. నన్నడిగితే అది రెండో తప్పు. మూత బిగించినందుకు ఒక పాపకి దెబ్బ తగిలింది. మానేసినందుకు తర్వాత వచ్చిన పిల్లలందరికీ ఆ కేరింత లేకుండా పోయింది. నువ్వు భయపడి మానుకోవాలని ఇదంతా రాయడం లేదు, అది గుర్తుపెట్టుకో.

ఎందుకలా అయిందో లెక్క కూడా చూడు. ఒక చెంచా వంటసోడా సుమారు 5 గ్రాములు. దానికి 70, 80 మిల్లీలీటర్ల వెనిగర్ పోస్తే రెండూ దాదాపు పూర్తిగా ఖర్చయి లీటరుకి పైగా కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. పావు లీటరు సీసాలో వెనిగర్ పోగా మిగిలే కాస్త చోటులో అదంతా ఇరుక్కోవాలి. దారి లేని గ్యాసు సీసానైనా చీలుస్తుంది, మూతనైనా ఎగరగొడుతుంది. అందుకని మూత, బిరడా, అరచెయ్యి, ఏదీ ఆ మూతి మీద పెట్టొద్దు. జిప్ ఉన్న సంచుల్లో పోసి పేల్చే ఆట కూడా వద్దు. ఎంత బతిమాలినా సరే.

సీసా తప్పనిసరి అనుకుంటే బెలూన్ తొడుగు. సోడా బెలూన్‌లో వేసి, వెనిగర్ సీసాలో పోసి, బెలూన్ మూతిని సీసా మూతికి తొడిగి, నెమ్మదిగా పైకెత్తి సోడా లోపలికి రాల్చు. మెడ దగ్గర నువ్వే పట్టుకో. గ్యాసు ఎంతుందో పిల్లల కళ్లకే కనిపిస్తుంది. బెలూన్ సాగుతుంది కాబట్టి ఒత్తిడి పెరిగిపోదు, మరీ ఎక్కువైతే ఊడొస్తుంది. తర్వాత దాన్ని ముడేసి, నోటితో ఊదిన అంతే సైజు బెలూన్‌తో పాటు ఒకే ఎత్తు నుంచి వదిలి చూపించు. మనది ముందుగా నేల తాకుతుంది, ఆ గ్యాసు గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు కదా. బెలూన్ పగిలితే ముక్కలు వెంటనే ఏరెయ్, చిన్నపిల్లల గొంతుకి అడ్డం పడతాయి.

ఎర్రరంగు కలిపి అగ్నిపర్వతం చేస్తారే, అది మొదట్లో వద్దంటాను. పిల్లల చూపంతా పర్వతం మీదే ఉంటుంది, బుడగల మీద ఉండదు. ముందు ఉత్త గ్లాసుతో చెయ్యి. గ్లాసులో పావు వంతు వెనిగర్, అరచెంచా సోడా, అంతే. సోడా కొద్దికొద్దిగా రాలుస్తుంటే బుడగలు అడుగునుంచి పైకి పరుగెడతాయి, సర్రుమని చప్పుడొస్తుంది. అప్పుడు ఒక్కొక్కరినీ గ్లాసు బయటివైపు పట్టుకోమను. చల్లబడి ఉంటుంది. పొయ్యి మీద పొంగేది వేడిగా ఉండడమే చూసిన పిల్లలు, పొంగుతూ చల్లబడేదాన్ని పట్టుకోగానే ఎలా చూస్తారో నేను చెప్పను, నువ్వే చూడు. ఈ చర్య చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుందని నువ్వు ముందే చెప్పేశావా, ఆ చూపు పోతుంది. నోరు కట్టేసుకో.

పొంగు ఆగిపోయాక అసలు పాఠం మొదలవుతుంది. "అయిపోయింది" అని వాళ్లు లేవబోతారు. "ఏది అయిపోయింది? సోడానా, వెనిగరా?" అని అడుగు. ఎలా తెలుసుకుంటారో వాళ్లనే తేల్చుకోనివ్వు. ఎవరో ఒకరు ఇంకాస్త సోడా వెయ్యమంటారు. మళ్లీ పొంగితే వెనిగర్ మిగిలి ఉన్నట్టు. పొంగకుండా సోడా అడుగున తెల్లగా కూర్చుంటే వెనిగర్ ఖర్చయిపోయినట్టు. అప్పుడు కాస్త వెనిగర్ పోసి చూడమను. వేసి చూసి, కాదనుకుని, ఇంకోటి వేసి చూడడం, కెమిస్టులు రోజంతా చేసేది ఇదే. అయిదేళ్ల పిల్లలకి ఇది అర్థం కాదని ఎవరైనా అంటే నమ్మకు. నీకు అయిదేళ్లప్పుడు గ్లాసులో సోడా కలిపి ఇస్తే, "బుడగలు పైకొచ్చాక ఎక్కడికి వెళ్లిపోతాయి పెద్దమ్మా?" అని అడిగావు. గాలిలో కలిసిపోతాయన్నాను. "మరి గాలి నిండిపోదా?" అన్నావు. పిచ్చి పిల్లా, అంత మంచి ప్రశ్న నా పెద్ద క్లాసుల్లో కూడా ఎవరూ అడగలేదు.

ఒక్కరోజులో అయిదారు ప్రయోగాలు పెట్టుకోకు. మైకేల్ ఫారడే అనే పెద్ద శాస్త్రవేత్త 1860లో లండన్‌లో ఒక్క కొవ్వొత్తిని పట్టుకుని పిల్లలకి వరుసగా ఉపన్యాసాలు ఇచ్చాడు. నీకు ఒక్క గ్లాసు చాలు. ఆ గ్యాసుతో కొవ్వొత్తి ఆర్పి చూపించే ముచ్చట ఈ పిల్లలు ఇంకాస్త ఎదిగాక చూద్దాం. వేలాడే జుట్టు, వదులు బట్టలు, అన్ని చేతులు ఒకేచోట ఉన్నప్పుడు మంట వద్దు.

పిల్లలందరికీ కళ్లద్దాలు పెట్టు, నువ్వూ పెట్టుకో. గ్లాసు మీదికి మొహం వంచనివ్వకు, బుడగలు చిట్లినప్పుడు తుంపరలు లేస్తాయి. కంట్లో పడితే రుద్దనివ్వకుండా 15 నిమిషాలైనా ధారగా పారే నీళ్లతో కడుగు, మంట తగ్గకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. వంటింటి సరుకులే కదా అని ఎవరో ఒకరు నాకబోతారు. ప్రయోగం చేసేటప్పుడు ఏదీ నోట్లో పెట్టుకోకూడదని మొదట్లోనే చెప్పెయ్, కోప్పడాల్సి వచ్చినా సరే.

ఇంకొకటి, ఇది వాళ్ల అమ్మానాన్నలకి కూడా చెప్పాలి. రెండు కలిపితే గమ్మత్తు జరుగుతుందని నువ్వు నేర్పుతున్నావు. వాళ్లు ఇంటికెళ్లి దొరికినవన్నీ కలిపి చూడాలనుకుంటారు, అనుకోవాలి కూడా. కానీ బ్లీచ్‌లో వెనిగర్ గానీ టాయిలెట్ కడిగే ఆమ్లం గానీ కలిస్తే క్లోరిన్ వస్తుంది. అది ఊపిరితిత్తుల్ని కాల్చే విషవాయువు. సింకు కింద ఉన్న సీసాలన్నీ శనివారమే పై అరలోకి ఎక్కించెయ్. "పెద్దవాళ్లు పక్కన లేకుండా ఏమీ కలపం" అని పిల్లల చేత ఒకటికి రెండుసార్లు చెప్పించు.

అయ్యాక మిగిలిన నీళ్లు సింకులో పోసెయ్, ఏం కాదు. ట్రే పిల్లల చేతే కడిగించు.

సాయంత్రం ఫోన్ చెయ్యి. "బాగా జరిగింది పెద్దమ్మా" అని పెట్టేస్తే ఊరుకోను. ఎవరు ఏం అడిగారో, నువ్వు ఏం చెప్పావో, దేనికి జవాబు తోచలేదో, అన్నీ చెప్పాలి. తోచనివి ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ