స్క్రూటినీలో పోయిన నామినేషన్

అమ్మాయీ,

నీ కథ చదివాను. 'స్క్రూటినీ' అన్న మాట పేజీకొకసారి తగిలింది. నామినేషన్ల ఘట్టంలోనూ, ఒక్క వెటకారపు వాక్యంలోనూ తప్ప అది ఎక్కడా నిలవదు. నామినేషన్ల దగ్గర మాట సరైనదే గానీ, నువ్వు చూపించిన తంతు తప్పు.

చెప్పాపెట్టకుండా అధికారి హాస్టలుకొస్తే తనిఖీ. సారా కోసం లంకల్లో పాకలు వెతికితే సోదా. పెళ్లి సంబంధం గురించి ఊళ్లో నలుగురినీ అడిగితే ఆరా. స్క్రూటినీ వీటిలో ఏదీ కాదు. ముందు కాయితాలు దాఖలై ఉండాలి. వాటిని ఒక్కొక్కటే విప్పి లోపం వెతికేవాడికి, ఉంచడమో కొట్టెయ్యడమో తేల్చే అధికారం ఉండాలి. ఇంగ్లీషులో తొలిరోజుల్లో ఓట్లు తీసుకునే తంతునే ఆ పేరుతో పిలిచేవారు. 'నిశితంగా స్క్రూటినీ చేశారు' అని మాత్రం రాయకు, ఆ నిశితం మాటలోనే ఉంది.

కొనుగోలు కేంద్రంలో 'ధాన్యాన్ని స్క్రూటినీ చేశారు' అన్నావు. డెల్టాలో ఏ రైతూ అలా అనడు. శాంపిల్ తీశారంటాడు, తేమ చూశారంటాడు. మిషన్లో గింజలు పోస్తే అంకె పడుతుంది, 17 శాతం దాటితే ఆరబెట్టుకు రమ్మంటారు. పాడైన, రంగు మారిన, మొలకెత్తిన, పురుగు పట్టిన గింజ అన్నీ కలిపి 5 శాతం మించకూడదు. దాళ్వా (రెండో పంట) కోతల్లో వాన పడితే ముందు తేమ పెరుగుతుంది, కుప్ప అలాగే ఉంటే మొలకొస్తుంది. మీ రైతు చేత ఆ 17 అనిపిస్తే చాలు. అత్తగారు కోడలి పులుసును స్క్రూటినీ చేసిందన్న వాక్యం ఉంచు. వెటకారానికి బాగుంది.

ఇక అసలు ఘట్టం. పేరులో ఒక అక్షరం తప్పు పడిందని ముమ్మిడివరంలో మీ స్వతంత్ర అభ్యర్థి నామినేషన్ కొట్టించావు. అలా కొట్టరు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 36వ సెక్షన్ ప్రకారం, అసలు విషయానికి అడ్డురాని లోపం చూపి తిరస్కరించకూడదు. రాతతప్పులు దిద్దుకోనివ్వొచ్చు, చూసీ చూడనట్టు వదిలెయ్యొచ్చు. కోడిగుడ్డు మీద ఈకలు పీకే అధికారిని పెడితే, ఎన్నికల గొడవ తెలిసిన పాఠకుడు నీ కథ అక్కడే మూసేస్తాడు.

నిలబడే కారణం కావాలా? అసెంబ్లీకి గుర్తింపున్న పార్టీ అభ్యర్థిని ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు. స్వతంత్రుడికి పదిమంది కావాలి, పదిమందీ ఆ నియోజకవర్గం ఓటర్లే అయ్యుండాలి. పదోవాణ్ణి ఎదుర్లంకలో కాపురం పెట్టించు, ఓటు మాత్రం వంతెన అవతల యానాంలో ఉంచు. అది పుదుచ్చేరి కిందిది, ఓటర్ల జాబితాయే వేరు. ఎంత మంచి అధికారైనా ఆ నామినేషన్‌ని కాపాడలేడు. అన్నట్టు, ఒక అభ్యర్థి నాలుగు సెట్ల నామినేషన్ కాయితాల దాకా వెయ్యొచ్చు, ఒకటి పోయినా సరిగ్గా ఉన్న ఇంకొకటి బతికిస్తుంది. కాబట్టి మీవాడు ఆఖరిరోజు మూడుగంటల లోపు ఒక్క సెట్టే వేసినట్టు ముందే రాసుకో.

గదిలో జనం కూడా ఎక్కువైపోయారు. ఒక్కో అభ్యర్థి తరఫున తను, ఎన్నికల ఏజెంటు, ఒక ప్రతిపాదకుడు, అభ్యర్థి రాతపూర్వకంగా అనుమతించిన ఇంకొకరు, అంతే. మిగతావాళ్లని బయటే నిలబెట్టు.

స్క్రూటినీ నామినేషన్ల ఆఖరిరోజుకు మర్నాడే పెట్టాలి, సెలవైతే తప్ప. ఎవరైనా అభ్యంతరం లేవదీస్తే జవాబు చెప్పుకోడానికి అభ్యర్థి గడువు అడగొచ్చు, అది స్క్రూటినీ తేదీ తర్వాత రెండోరోజు దాటకూడదు. నీ కథకు ఉత్కంఠ అక్కడ దొరుకుతుంది. యానాం ఓటరు కార్డు సంగతి ప్రత్యర్థి ఏజెంటు చేత ఆ పూటే బయటపెట్టించు, తిరస్కరిస్తే కారణం క్లుప్తంగా రాయాల్సిన బాధ్యత అధికారిది గనక ఆ రెండు వాక్యాలూ అతని చేతిరాతలో చూపించు.