‘అనాన్’ అంటే ఎప్పుడు?

తమ్ముడూ,

షేక్‌స్పియర్ నాటకం ‘హెన్రీ ద ఫోర్త్’ మొదటి భాగానికి నువ్వు చేసిన అనువాదం చదివాను. ఫాల్‌స్టాఫ్ మాటలు బాగా పేలాయి. మందు దుకాణంలో పనిచేసే ఫ్రాన్సిస్ దగ్గరికొచ్చేసరికి మాత్రం చప్పబడింది. ఇంగ్లీషులో వాడనే ‘అనాన్, అనాన్’కి బదులు, పాపం ఆ కుర్రాడి చేత ‘త్వరలో సార్, త్వరలో’ అనిపించావు. శంకుస్థాపన సభలో మంత్రిగారు అనే మాట అది! డిక్షనరీలో ‘అనాన్’కి ఆ అర్థమే ఉందంటావు. ఉంది, కాదనను.

కానీ అది మొదటి నుంచీ ఉన్న అర్థం కాదు. పాత ఇంగ్లీషులో ఇది ‘ఒన్ ఆన్’ అని రెండు ముక్కలు. మొదటిదానికి ‘లో’ అని, రెండోదానికి ‘ఒకటి’ అని అర్థం. ఒక్క ఊపులో అన్నమాట. పద్నాలుగో శతాబ్దంలో ఇంగ్లీషు కవి చాసర్ రాసేనాటికి ‘వెంటనే’ అనే అర్థంలో బాగా వాడుకలో ఉంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో మత్తయి 13:20 తీసి చూడు. విత్తనాలు చల్లేవాడి ఉపమానంలో రాతినేల లాంటి మనిషి దేవుడి వాక్యం విని ‘అనాన్’ సంతోషంతో ఒప్పుకుంటాడు. అక్కడ ‘కాసేపట్లో’ అని రాస్తే ఉపమానమే చెడుతుంది, ఎందుకంటే వాడు ఎంత త్వరగా ఒప్పుకుంటాడో అంత త్వరగా జారిపోయే రకం. మన తెలుగు బైబిల్లోనూ అక్కడ ‘వెంటనే’ అనే ఉంది.

మరి ‘వెంటనే’ కాస్తా ‘కాసేపాగి’ ఎలా అయింది? వస్తున్నా వస్తున్నా అంటూ రాని జనం వల్ల. నీ ఫ్రాన్సిస్ సీనే చూడు. లండన్ ఈస్ట్‌చీప్‌లో మందు దుకాణం. యువరాజు హాల్ కుర్రాణ్ణి కబుర్లలో పెడతాడు. పక్క గదిలోంచి హాల్ స్నేహితుడు పాయిన్స్ ‘ఫ్రాన్సిస్!’ అని అరుస్తూనే ఉంటాడు. వీడు ‘అనాన్, అనాన్’ అంటాడే గానీ కదలడు. చివరికి ఇద్దరూ ఒకేసారి పిలిచేసరికి ఎటు పోవాలో తెలీక గుడ్లప్పగించి నిలబడిపోతాడు. నేనైతే ‘ఆఁ, వస్తున్నా సార్, ఇదిగో వచ్చేస్తున్నా’ అని రాస్తాను. మన హోటళ్లలో రోజూ వినేదే కదా.

బాల్కనీ మీద జూలియెట్ ఇంకా గడుసుది. లోపల్నుంచి పిలుస్తున్న దాదికి ‘అనాన్’ అని కేకేసి, కింద ఉన్న రోమియోని కాస్త ఆగమంటుంది, మళ్లీ వస్తానంటుంది. దాదికి చెప్పిన ‘ఇదిగో’ ఎంతసేపో ఆ పిల్లకే తెలియాలి. ‘సూన్’, ‘ప్రెజెంట్లీ’ కూడా ఒకప్పుడు ‘వెంటనే’ అనే అర్థమిచ్చి, ఇదే దారిలో జారినవే.

అన్నట్టు, కవితా సంకలనాల్లో పద్యం కింద ‘అనాన్’ అని పక్కన చుక్కతో కనిపిస్తే కంగారుపడకు. అది ‘అనానిమస్’కి పొట్టిరూపం, గ్రీకు నుంచి వచ్చింది. దీనికీ దానికీ చుట్టరికం లేదు.

ఇక నువ్వు పంపిన సొంత కథ. 1850ల నాటి రాజమండ్రి కలెక్టరు చేత కూడా ‘అనాన్’ అనిపించావు. పాతకాలం వాసన కోసమని అర్థమైంది. కానీ ఆయన కాలానికే అది బాగా పాతబడి, ఎక్కువగా కవిత్వానికే పరిమితమైపోయింది. ఫైలు ముందేసుకున్న కలెక్టరు నోట అది నాటకం డైలాగులా ఉంటుంది. ఆ మాట తీసేసి, ఆయన జవాన్ని ఎలా కేకేస్తాడో రాయి. రెండూ సరిచేసి, ముందు ఫ్రాన్సిస్ సీను పంపు.

మీ అన్నయ్య