ఆ నొప్పి దాచకు అల్లుడూ

అల్లుడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో మీ అమ్మ నాకు చూపించింది. కొత్త రైఫిల్ తన్నుకి కాలర్ ఎముక కిందంతా నీలంగా కమిలిపోయింది, భుజం మూల దగ్గర వాపు. "ఫైరింగ్ రేంజ్‌లో అందరికీ ఇంతే మావయ్యా, రెండ్రోజుల్లో తగ్గిపోతుంది" అన్నావు ఫోన్‌లో. కమిలింది తగ్గుతుంది, దాని గురించి నాకు బెంగ లేదు. కానీ చెయ్యి పైకెత్తితే లోపల గుచ్చుతోందనీ, రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోతున్నాననీ కూడా అన్నావు. ఆ మాటే నాకు నచ్చలేదు. ఫోన్‌లో తేలే విషయం కాదని కూర్చుని రాస్తున్నాను. కాస్త పొడుగైనా పూర్తిగా చదువు.

ముందు ఒకటి అర్థం చేసుకో. ఆర్మీ ట్రైనింగ్‌లో నువ్వు ఇన్సాస్ రైఫిల్‌తో చెయ్యి తిప్పుకున్నావు. దాని 5.56 మి.మీ. గుండు సుమారు 4 గ్రాములు. ఇప్పుడు నీ చేతికి వచ్చిన సిగ్ 716 రైఫిల్ కాల్చేది 7.62 మి.మీ. తూటా. గుండు తొమ్మిదిన్నర గ్రాముల దాకా ఉంటుంది, వెనక మందూ ఎక్కువే. రైఫిల్ బరువు మాత్రం ఆ లెక్కన పెరగలేదు. అందుకని ఒక్కో రౌండుకి వెనక్కి తన్నే శక్తి ఇన్సాస్ కంటే మూడు రెట్లకు పైనే ఉంటుంది. మా కాలంలో వాడిన ఎస్సెల్లార్ రైఫిల్‌ది కూడా ఇదే 7.62. మావాళ్ళకీ భుజాలు కమిలేవి. కాబట్టి ఇది నీ బలహీనత కాదు. ఇన్సాస్‌కి అలవాటైన పట్టు దీనికి సరిపోవడం లేదు, అంతే.

బట్, అంటే రైఫిల్ వెనక కొస, భుజానికి ఆనించు అని ఫైరింగ్ నేర్పే ఉస్తాద్ అరుస్తాడు. కుర్రాళ్ళు దాన్ని తీసుకెళ్ళి సరిగ్గా భుజం గుండ్రం మీదే పెడతారు. అక్కడ కింద ఉన్నది ఎముక. కీలు, దాని చుట్టూ చేతిని ఎత్తించి తిప్పే పట్టీలు ఉంటాయి, డాక్టర్లు రొటేటర్ కఫ్ అంటారు. దెబ్బ పడకూడని చోటు అదే. ఇంకొందరు ఆ నొప్పికి భయపడి బట్‌ని పైకి జరిపి కాలర్ ఎముక మీద పెట్టుకుంటారు. అదీ తప్పే.

చొక్కా విప్పి అద్దం ముందు నిలబడు. కుడి మోచెయ్యి దాదాపు భుజం ఎత్తుకి లేపి, రైఫిల్ పట్టుకున్నట్టు ముందుకి పెట్టు. ఎడమ చేతి వేళ్ళతో కాలర్ ఎముక కిందుగా తడుముకుంటూ బయటికి రా. ఛాతీ కండ, భుజం కండ కలిసే దగ్గర ఒక గుంట తగులుతుంది. వేలితో గట్టిగా నొక్కినా అక్కడ ఎముక తగలదు. బట్ కూర్చోవలసింది ఆ గుంటలో. ఇప్పుడు మోచెయ్యి కిందికి వాల్చి చూడు, కండ వదులై గుంట చెదిరిపోతుంది. నిలబడి కాల్చేటప్పుడు మోచెయ్యి దించెయ్యొద్దని చెప్పేది అందుకే. మన వంశధార గట్టున కావిడి మోసేవాళ్ళని చిన్నప్పుడు చూశావు కదా, బద్దని మెడ పక్కనున్న కండ మీద వేసుకుంటారు గానీ భుజం కొస ఎముక మీద ఎవరూ వేసుకోరు.

ఇదంతా ఒట్టి చొక్కాతో సరిగ్గా వస్తుంది. బులెట్‌ప్రూఫ్ జాకెట్ వేసుకోగానే లెక్క మారిపోతుంది. జాకెట్ అంచు ఆ గుంటని కప్పేసి, బట్‌ని బయటికి, చేతి మీదికి నెట్టేస్తుంది. నీ వాపు ఉన్న చోటు చూస్తే నాకు అనుమానం దీని మీదే. జాకెట్ తొడుక్కుని, ఖాళీ రైఫిల్‌తో, కళ్ళు మూసుకుని పది పదిహేనుసార్లు భుజానికి తీసుకో. ప్రతిసారీ కళ్ళు తెరిచి బట్ ఎక్కడ పడిందో చూసుకో. జాకెట్ మందానికి తగ్గట్టు బట్‌ని ఒక మెట్టు లోపలికి తోస్తే చాలామందికి అక్కడితో సమస్య తీరిపోతుంది. మా ఎస్సెల్లార్ కంటే ముందు తరం త్రీనాట్‌త్రీ రైఫిల్‌కే బ్యాంటమ్, షార్ట్, నార్మల్, లాంగ్ అని నాలుగు సైజుల చెక్క బట్‌లు ఉండేవి. మనిషి చెయ్యి పొడుగుని బట్టి బట్ ఉండాలని వాళ్ళకీ తెలుసు. బట్ పొడుగు సర్దించమని అడగడానికి మొహమాటపడకు.

బట్‌కీ భుజానికీ మధ్య సందు ఉండకూడదు. నొప్పి పుట్టిన భుజం తెలియకుండానే వెనక్కి తగ్గుతుంది. ఆ సందులో రైఫిల్ వేగం పుంజుకుని వచ్చి కొడుతుంది. ఆనించి ఉంటే అదే శక్తి నీ ఒంటి బరువుని కాస్త వెనక్కి తోసి ఊరుకుంటుంది. అలాగని పళ్ళు బిగబట్టి నొక్కకు, చెయ్యి వణికి గ్రూపింగ్ పోతుంది, గుళ్ళు ఒకచోట పడవు. కుడి చేత్తో నిదానంగా లోపలికి లాగి పెట్టు. ఎడమ మోచెయ్యి నిటారుగా బిగించేసి పెట్టకు, కొద్దిగా మడిచి ఉంచు. మోచెయ్యి నొప్పి, మణికట్టు నొప్పి అని వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అక్కడ బిగించినవాళ్ళే.

పడుకుని కాల్చేటప్పుడే దెబ్బ ఎక్కువ. నిలబడితే నడుము నుంచి ఒళ్ళు ఊగుతుంది, పడుకుంటే ఊగడానికి చోటు లేదు. రైఫిల్‌కి అడ్డంగా, ఏటవాలుగా పడుకుంటే తన్ను భుజాన్ని పక్కకి మెలిపెడుతుంది. వీలైనంత రైఫిల్ వెనకే తిన్నగా ఉండు. భుజాలు చెవుల దగ్గరికి ముడుచుకోకు, ముడిస్తే కాలర్ ఎముక వచ్చి బట్ కింద పడుతుంది. చెంప స్టాక్ మీద, అంటే బట్ ఉన్న వెనక భాగం మీద, ఆనించే ఉంచు. ఇయర్ ప్లగ్ మాత్రం మానకు. చెవుల కోసమే కాదు, సగం ఉలికిపాటు ఆ చప్పుడు వల్లే.

ఉలికిపాటు గురించి ఒక మాట. నొప్పి తగిలిన ఒళ్ళు తర్వాతి రౌండుకి ముందే ముడుచుకుంటుంది. ట్రిగ్గర్ లాగే క్షణంలో కన్ను మూసుకుపోతుంది, భుజం ముందుకి పొడుస్తుంది. నేను ఉస్తాద్‌గా ఉన్నప్పుడు కుర్రాడికి తెలియకుండా మ్యాగజైన్‌లో మధ్యన ఒక డమ్మీ రౌండు పెట్టేవాణ్ణి. అది వచ్చినప్పుడు టక్‌మని మాత్రమే వినిపిస్తుంది, అయినా బ్యారెల్ మూతి కిందికి దూకుతుంది. కుర్రాడికి అప్పుడు తన తప్పు తనకే కనబడేది. మీ ఉస్తాద్‌ని అడిగి నువ్వూ అలా చేయించుకో. కానీ నొప్పి పూర్తిగా తగ్గాకే.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు ఎం.ఐ. రూమ్‌కి, అదే యూనిట్‌లో డాక్టర్ చూసే గదికి, వెళ్ళలేదట. మెడికల్ కేటగిరీ, అంటే ఫిట్‌నెస్ స్థాయి, పడిపోతుందని భయమట. నాకు కోపం వచ్చిన మాట అదొక్కటే. ఆ కేటగిరీ లెక్క వేసే షేప్ (SHAPE) అనే అయిదు అక్షరాల్లో 'ఎ' అంటే కాళ్ళూ చేతులే. దెబ్బ తగిలితే కొన్నాళ్ళు టెంపరరీగా దించుతారు, నయమయ్యాక మళ్ళీ మెడికల్ చేసి పైకి తెస్తారు. దాచి దాచి పట్టీ తెగేదాకా తెచ్చుకుంటే మాత్రం కిందనే ఉండిపోవచ్చు. మన పర్లాకిమిడి వైపు కుర్రాడే ఒకడు, పేరెందుకులే, ఏళ్ళ తరబడి మాత్రలు మింగుతూ నెట్టుకొచ్చాడు. రిటైరయ్యే నాటికి చెయ్యి తల దాకా లేవదు. డిజేబిలిటీ పెన్షన్‌కి పెట్టుకుంటే, దెబ్బ డ్యూటీలో తగిలిందని చూపించే కాగితం ఒక్కటీ లేదు. ఎప్పుడు తగిలింది, ఏ రైఫిల్, ఏ ఫైరింగ్ అని అన్నీ రికార్డులోకి ఎక్కాలి. నువ్వు చెప్పకపోతే ఎవరు రాస్తారు? రేపు పొద్దున్నే సిక్ రిపోర్ట్ చెయ్యి. రాత్రి నొప్పి, చెయ్యి ఎత్తలేకపోవడం రెండూ డాక్టర్‌కి విడివిడిగా చెప్పు. ఎక్స్‌రేలో ఎముక మాత్రమే కనిపిస్తుంది, పట్టీలు కనిపించవు. ఎక్స్‌రే బాగుందన్నా నొప్పి పోకపోతే మళ్ళీ వెళ్ళు, స్కానింగ్ గురించి అడుగు. చేతికి తిమ్మిరి వచ్చినా, పట్టు తప్పుతున్నా అస్సలు ఆగొద్దు.

అంతవరకూ ఐసు గుడ్డలో చుట్టి పావుగంట చొప్పున రోజుకి మూడు నాలుగుసార్లు పెట్టు. పుషప్స్, బార్ మీద పుల్లప్స్ ఆపు. ఫైరింగ్‌కి ముందు నొప్పి మాత్ర వేసుకుని వెళ్ళే అలవాటు కొందరికి ఉంది, నువ్వు చెయ్యకు. ఎక్కడ ఆపాలో చెప్పే నొప్పిని చంపుకుని కాల్చడం అది. పైగా పొట్టకీ కిడ్నీకీ చేటు.

లీవు దొరికిందట, సంతోషం. పలాసలో దిగాక బ్యాగు ఎడమ భుజానికి వేసుకో, బస్సులోనే రా, బండి మీద వద్దు. మీ అమ్మ వేడి నూనె మర్దన అంటుంది, వాపు ఉన్నన్నాళ్ళూ వద్దని నేను ముందే చెప్పాను. కీలు సరిచేస్తానని చెయ్యి గుంజేవాళ్ళ దగ్గరికి ఎవరు తీసుకెళ్తానన్నా వెళ్ళకు. కోతల రోజులు కదా, ధాన్యం బస్తా మీద చెయ్యి వేశావని తెలిస్తే ఊరుకోను. ఎం.ఐ. రూమ్ కాగితాల జిరాక్సులు తెచ్చుకో. డాక్టర్ సరే అని రాస్తే, మోచెయ్యి పక్కకి ఆనించి రబ్బరు ట్యూబు బయటికి లాగే వ్యాయామం ఉంది, భుజం లోపలి పట్టీలకి మంచిది. పాత సైకిల్ ట్యూబు ఒకటి కోసి ఉంచుతాను, వచ్చాక దగ్గరుండి చేయిస్తాను.

మీ పెద్దమావయ్య,
పర్లాకిమిడి