కొలత చెప్పని అంకె: ఒక యువ రచయితకు లేఖ

హైదరాబాద్

చిరంజీవికి ఆశీస్సులు.

బ్యాకెండ్ సర్వీసులు (యాప్ వెనక సర్వర్లలో నడిచే ప్రోగ్రాములు) ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతుల వేగాన్ని పోలుస్తూ నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఈ విషయం మీద తెలుగులో ఇంత శ్రద్ధగా రాసేవారు తక్కువ కనుక ఎంతో సంతోషించాను. అయితే ‘రెస్ట్ కంటే జీఆర్‌పీసీ ఏడు రెట్లు వేగం’ అన్న నీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను (రెస్ట్ మామూలు వెబ్ రిక్వెస్టులతో, సాధారణంగా జేసన్ అనే అక్షరరూపంలో డేటా పంపే పద్ధతి; జీఆర్‌పీసీ సాధారణంగా ప్రోటోబఫ్ అనే బైనరీ రూపంలో పంపే పద్ధతి). ఏ యంత్రం మీద, ఎంత డేటాతో, ఎన్ని కనెక్షన్లతో కొలిచావో చివరిదాకా ఎక్కడా చెప్పలేదు.

ఈ పొరపాటు నేనూ చేశాను. మాదాపూర్‌లో పనిచేసే రోజుల్లో రెండు సర్వీసులనూ నా ల్యాప్‌టాప్‌లోనే నడిపి, జీఆర్‌పీసీ చాలా ముందుందని రిపోర్టు రాసి ఇచ్చాను. వారం తరువాత లాగ్‌లు (ప్రోగ్రాములు నమోదు చేసిన వివరాలు) తిరగేస్తుంటే అసలు సంగతి బయటపడింది: నా రెస్ట్ క్లయింటు ప్రతి రిక్వెస్టుకూ కొత్త కనెక్షన్ తెరుస్తోంది, జీఆర్‌పీసీ మాత్రం హెచ్‌టీటీపీ/2 (ఒకే కనెక్షన్ మీద ఎన్నో రిక్వెస్టులు పంపనిచ్చే వెబ్ పద్ధతి) మీద ఒకసారి తెరిచిన కనెక్షన్‌నే చివరిదాకా వాడుకుంటోంది. రెస్ట్ వైపు కూడా కనెక్షన్‌ను తెరిచి ఉంచగానే ఆ తేడాలో చాలా భాగం కరిగిపోయింది.

అలా కొత్త కనెక్షన్ తెరవడానికి పట్టే సమయం ఎంతో పాఠకుడికి లెక్క వేసి చూపించు. హైదరాబాద్‌కూ ముంబైకీ మధ్య తిన్నగా కొలిచినా 600 కిలోమీటర్ల పైనే. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి ఒక్కసారి వెళ్లి రావడానికే కనీసం 6 మిల్లీసెకన్లు పడుతుంది. కొత్త కనెక్షన్ అంటే టీసీపీకి (కనెక్షన్ కలపడానికి) ఒక రాకపోక, టీఎల్‌ఎస్ 1.3కి (రహస్య సంకేతాలు కుదుర్చుకోవడానికి) ఒకటి, అసలు రిక్వెస్టుకు ఇంకొకటి, మొత్తం 18 మిల్లీసెకన్లు. చిన్న జేసన్‌ను విప్పి చదవడానికి పట్టేది సాధారణంగా ఒక్క మిల్లీసెకనులో కొద్ది భాగమే.

సైజు గురించి నువ్వు రాసిన పేరాలో మన భాష సంగతి చేర్చితే బాగుంటుంది. పిన్‌కోడ్ అన్న ఇంగ్లిషు ఫీల్డు పేరుతో కలిపి 500001ను జేసన్‌లో పంపితే 16 బైట్లు, ప్రోటోబఫ్‌లో 4 బైట్లు. అక్కడ లాభం నిజమే. ‘హైదరాబాద్’ అన్న మాట మాత్రం యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో) 27 బైట్లు, ప్రోటోబఫ్ కూడా ఆ అక్షరాలను కుదించదు. పైథాన్ జేసన్ లైబ్రరీకి మనం ప్రత్యేకంగా చెప్పకపోతే అదే మాటను ఎస్కేప్ చేసి (ప్రతి యూనికోడ్ గుర్తునూ ఆరు ఇంగ్లిషు అక్షరాలు, అంకెల సంకేతంగా మార్చి) 54 బైట్లు చేస్తుంది. తెలుగు రాతను పంపే యాప్‌లో ఎస్కేప్ వద్దని చెప్పే ఆ ఒక్క సెట్టింగే, పద్ధతి మార్చడం కంటే ఎక్కువ పొదుపు చేయవచ్చు.

నువ్వు సగటు ఒక్కటే ఇచ్చావు. పీ99 (నూటికి 99 రిక్వెస్టులు ఎంతలోపు పూర్తవుతాయో చెప్పే అంకె) కూడా ఇవ్వాలి. ఒక పేజీ 10 సర్వీసులను పిలుస్తూ, ఒక్కొక్కటి నూటికి ఒక్కసారి మాత్రమే ఆలస్యం చేస్తుందనుకో. ఆ ఆలస్యాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, నూటికి తొమ్మిదికి పైగా పేజీలకు ఏదో ఒక సర్వీసు ఆలస్యం తగులుతుంది. స్క్రీన్ ముందు ఎదురుచూసే మనిషి అనుభవించేది దాన్నే.

క్యూను (పనిని వరుసలో పెట్టి తరువాత చేయించే పద్ధతిని) రెస్ట్ పక్కన అదే పట్టికలో పెట్టవద్దు. క్యూ వెంటనే ఇచ్చేది రసీదు మాత్రమే, పని ఆ తరువాత జరుగుతుంది. పని పూర్తయ్యేదాకా కొలిచాకే దాన్ని పోల్చు. గ్రాఫ్‌క్యూఎల్‌కు (అడిగేవాళ్లే కావలసిన డేటాను ఎంచుకుని అడిగే పద్ధతికి) వేరే వ్యాసం కావాలి, ఇందులోంచి తీసెయ్యి.

రెండు వేర్వేరు యంత్రాల మీద, రెండు వైపులా కనెక్షన్లు తెరిచి ఉంచి మళ్లీ కొలువు. వచ్చే శనివారం సాయంత్రం అమీర్‌పేట వైపు వస్తున్నాను. పట్టికతో పాటు ముడి లాగ్‌లు కూడా తీసుకురా, కూర్చుని చూద్దాం.

నీ శ్రేయోభిలాషి