వ్యాసం చదవాలంటే డాలర్లు కట్టాలా?

ప్రశ్న: విజయవాడలో ఒక ప్రైవేటు కాలేజీలో లా నాలుగో ఏడు చదువుతున్నాను. భూసేకరణ పరిహారం మీద ప్రాజెక్టు రాయాలి. తీర్పులు దొరుకుతున్నాయి గానీ, వాటిని చర్చిస్తూ ప్రొఫెసర్లు రాసిన వ్యాసాలు తెరవబోతే డాలర్లు కట్టమంటున్నాయి. పరిశోధన వ్యాసాలు ఉంచే వెబ్‌సైటు ఎస్‌ఎస్‌ఆర్‌ఎన్‌లో ఉచితంగా కనబడేవి వాడుకోవచ్చా మేడమ్?
– ఒక విద్యార్థిని, విజయవాడ

జవాబు: నిక్షేపంగా వాడుకోండమ్మా. అందరూ చదవాలనే రచయితలు తమ వ్యాసాలను అక్కడ పెడతారు. 1994లో మొదలైన ఆ రిపాజిటరీలో, అంటే వ్యాసాల ఆన్‌లైన్ భండారంలో, న్యాయశాస్త్రానికి పెద్ద విభాగమే ఉంది. 2016లో దాన్ని ఎల్సెవియర్ ప్రచురణ సంస్థ కొనుక్కుంది. అయినా ఎక్కువ వ్యాసాలు ఇప్పటికీ ఉచితంగానే దిగుతాయి.

డాలర్ల పేజీ చూసి వెనక్కి రాకండి. వ్యాసం పూర్తి పేరుతో గూగుల్ స్కాలర్‌లో వెతికితే, రచయిత పనిచేసే యూనివర్సిటీ రిపాజిటరీలో అదే వ్యాసం చాలాసార్లు దొరుకుతుంది. అక్కడా లేకపోతే రచయితకే మెయిలు రాయండి. గుంటూరులో నా దగ్గర జూనియర్‌గా చేసిన అమ్మాయి అలా రాస్తే, ఆ ప్రొఫెసరు అడిగిన వ్యాసంతో పాటు అడగనిది మరొకటి కూడా పంపారు. పీహెచ్‌డీ థీసిస్‌ల కోసం గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగ చూడండి. మన నాగార్జున యూనివర్సిటీవీ అందులో ఉన్నాయి.

మీ అంశానికి మాత్రం ఒక జాగ్రత్త చెప్పాలి. ఏ వ్యాసమైనా చదివేముందు తేదీ చూడండి. 2013 భూసేకరణ చట్టం 24వ సెక్షన్ మీద పుణె మునిసిపల్ కార్పొరేషన్ కేసులో 2014లో సుప్రీంకోర్టు చెప్పినదాన్ని, 2020 మార్చిలో ఇండోర్ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో అయిదుగురు జడ్జీల బెంచి కొట్టేసింది. పాత చట్టం కింద మొదలైన సేకరణ రద్దు కావాలంటే పరిహారం ఇవ్వకపోవడమే చాలదు, భూమి స్వాధీనం కూడా జరిగి ఉండకూడదంది. 2018లో ఎక్కించిన వ్యాసం ఎంత చక్కగా రాసినా ఈ మలుపు అందులో ఉండదు. చిత్తుప్రతి, జర్నల్లో అచ్చయిన ప్రతి రెండూ ఉంటే అచ్చయినదే ఉదహరించండి.

మీ ఇబ్బంది నాకూ బాధ కలిగిస్తుంది. తీర్పుల ప్రచురణకు కాపీరైట్ చట్టం 52వ సెక్షనే దారి ఇచ్చింది. 2023 నుంచి సుప్రీంకోర్టే ఈ-ఎస్‌సీఆర్ వెబ్‌సైటు ద్వారా తన తీర్పుల రిపోర్టులను ఉచితంగా ఇస్తోంది. తీర్పులోని తప్పొప్పులు విప్పి చెప్పే రచనలకే తాళం! వాటిని రాసినవారిలో ఎందరో ప్రజల డబ్బుతో జీతం తీసుకునేవారే. జర్నళ్ల చందా కేంద్రమే కట్టేలా 2025లో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ ప్రభుత్వ విద్యాసంస్థలకే వర్తించింది. మీలా ప్రైవేటు కాలేజీల్లో చదివేవాళ్లు బయటే ఉండిపోయారు. లా జర్నళ్లన్నీ ఆన్‌లైన్‌లో అందరికీ తెరిచి పెట్టాలని అమెరికా లా లైబ్రరీల డైరెక్టర్లు 2009లోనే డర్హమ్ ప్రకటనలో కోరారు.

రేపు మీ ప్రాజెక్టు వ్యాసమై ఏదైనా జర్నల్‌కు వెళితే, సంతకం పెట్టేముందు ఒప్పందం చదవండి. సంపాదకులు ఆమోదించిన మీ వర్డ్ ఫైలును రిపాజిటరీలో పెట్టుకునే హక్కు అందులో ఉందా లేదా చూడండి. లేకపోతే అడగండి, చాలామంది ఇస్తారు.