పాత స్విచ్ విప్పే ముందు ఇన్వర్టర్ సంగతి చూసుకోండి

ముప్పై ఏళ్ల నాటి ఇంట్లో పడకగది ట్యూబ్‌లైట్ స్విచ్ నొక్కినప్పుడల్లా చిటపటమంటోందని, రెండు మూడుసార్లు వేసి తీస్తే గాని లైటు వెలగడం లేదని, దాన్ని మీరే మార్చుకోవచ్చునా అని అడిగారు. మార్చుకోవచ్చు. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలలో 45వది, వైరింగ్ పనులను లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేతనే చేయించాలని చెబుతూనే, వైరింగ్ సామర్థ్యాన్ని గాని స్వభావాన్ని గాని మార్చని పక్షంలో బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్‌ల వంటివి మార్చుకోవడానికి మినహాయింపు ఇచ్చింది. 2010లో వచ్చిన కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలలోనూ, 2023లో వాటి స్థానంలో వచ్చిన నిబంధనలలోనూ ఆ మినహాయింపు ఉంది. అంటే, పాత 6 ఆంపియర్ల స్విచ్ తీసి అలాంటిదే పెట్టడం వరకే మన పని; అదే బోర్డు నుంచి గీజరుకు లైను లాగాలనుకుంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవవలసిందే.

మా ఇల్లు కూడా ఇంచుమించు ఆ కాలం నాటిదే. చెక్కపెట్టెల మీద హైలం షీట్లు (గట్టి ప్లాస్టిక్ లాంటి పలకలు), వాటికి పియానో స్విచ్‌లు, మెయిన్ దగ్గర పింగాణీ ఫ్యూజులు. ఆ స్విచ్‌లలో చాలావాటిని నేనే మార్చాను. కొత్తది బిగించడంలో పెద్ద విద్య ఏమీ లేదు. బోర్డులో కరెంటు నిజంగా పోయిందని నిర్ధారించుకోవడమే అసలు పని. హాలులోని బోర్డు విప్పినప్పుడు, మెయిన్ దించిన తరువాత అలవాటు ప్రకారం టెర్మినల్ మీద టెస్టర్ పెడితే, అది ఎర్రగా వెలుగుతూనే ఉంది. కారణం ఇన్వర్టర్. నేను మెయిన్ దించగానే కరెంటు పోయిందనుకుని అది తన పని తాను చేసింది. మన ఇళ్లలో ఇన్వర్టర్ లైను ఇచ్చేది లైట్లకూ ఫ్యాన్లకూ కాబట్టి, సరిగ్గా మనం విప్పబోయే స్విచ్‌లకే అది కరెంటు అందిస్తుంది. 12 వోల్టుల బ్యాటరీయే కదా అనుకోవడానికి వీల్లేదు, బోర్డుకు చేరేసరికి అది 230 వోల్టుల దాకా పెరుగుతుంది.

ఇన్వర్టర్ ముందున్న బటన్ ఒక్కటే ఆపినా ప్రయోజనం లేదు. మెయిన్ వేసి ఉన్నంతసేపూ బయటి కరెంటు దాని గుండా నేరుగా బోర్డుకు వస్తూనే ఉంటుంది. అందువల్ల మెయిన్ దించాలి, ఇన్వర్టర్ బటన్ ఆపాలి, దాని ఔట్‌పుట్ లైనుకు విడిగా ఎంసీబీ (ఫ్యూజు బదులు వాడే, లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) ఉంటే దాన్నీ దించాలి. పింగాణీ ఫ్యూజు ఉన్న ఇంట్లో ఆ ఫ్యూజు పీకి జేబులో వేసుకోవడం నాకు అలవాటు. ఫ్యాన్ ఆగిపోయిందేమిటని ఎవరో వెళ్లి తిరిగి పెట్టే అవకాశం ఉండదు. ఇల్లు పోర్షన్లుగా విభజించి ఉంటే మరో చిక్కు ఉంది. ముఖ్యంగా మెట్ల దగ్గరి లైటుకు పై వాటా మీటరు నుంచి లైను వచ్చి ఉండవచ్చు, అప్పుడు మీ మెయిన్ దించినా దానిలో కరెంటు ఉంటూనే ఉంటుంది.

టెస్టర్‌ను గుడ్డిగా నమ్మడమూ మంచిది కాదు. ముందుగా కరెంటు ఉన్న సాకెట్‌లో పెట్టి అది వెలుగుతోందని చూసుకోండి. తరువాత, పోల్చి చూడడానికి మరో గదిలో కరెంటు ఉండాలి కాబట్టి మెయిన్ అప్పుడే దించకుండా, ఆ గది ఫ్యూజునో ఎంసీబీనో మాత్రమే తీసి, బోర్డు నాలుగు మూలల స్క్రూలు విప్పి, షీటును అంచులతో పట్టుకుని జాగ్రత్తగా ముందుకు వంచి, ప్రతి టెర్మినల్‌నూ, అంటే మార్చబోయే స్విచ్‌దే కాక పక్కవాటినీ, పరీక్షించండి. వెంటనే కరెంటు ఉన్న మరో గది సాకెట్‌లో టెస్టర్‌ను మళ్లీ చూడండి. మధ్యలో టెస్టరే పాడైపోలేదని అప్పుడు తెలుస్తుంది. ఆ తరువాత మెయిన్‌నూ ఇన్వర్టర్‌నూ పూర్తిగా ఆపి, మరోసారి టెస్టర్ పెట్టి చూశాకే వైరు మీద చేయి వేయాలి. పగటి వెలుతురులో టెస్టర్‌లోని నియాన్ దీపపు వెలుగు సరిగా కనబడదు కాబట్టి చేతిని అడ్డం పెట్టి చూడాలి. రబ్బరు చెప్పులు, పొడి చేతులు, పొడి చెక్కపీట తప్పనిసరి. గోడ చెమ్మగా ఉన్న వానాకాలపు రోజున ఈ పని పెట్టుకోకండి.

వైరు రంగులను బట్టి నిర్ణయానికి రావద్దు. ఎరుపు ఫేజు (కరెంటు తెచ్చే వైరు), నలుపు న్యూట్రల్ (తిరుగు వైరు), ఆకుపచ్చ ఎర్త్ అన్నది పాత పద్ధతే అయినా, ఆనాడు చేతికి దొరికిన వైరుతో కానిచ్చేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. కొన్నిచోట్ల స్విచ్ ఫేజు మీద కాక న్యూట్రల్ మీద ఉంటుంది. అలాంటప్పుడు లైటు ఆరినా హోల్డరులో కరెంటు ఉంటుంది. అది కనబడితే మాత్రం ఎలక్ట్రీషియన్ చేత సరిచేయించాలి.

స్విచ్ వెనుక రెండు ఇత్తడి టెర్మినళ్లు ఉంటాయి. ఒకదానిలో సాధారణంగా రెండు వైర్లు కలిసి ఉంటాయి: ఒకటి ఫేజు తెచ్చేది, రెండోది దాన్ని పక్క స్విచ్‌కు అందించే లూపు. విప్పే ముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ఆ రెండూ కొత్త స్విచ్‌లోనూ ఒకే టెర్మినల్‌లోకి వెళ్లాలి. లూపును వదిలేస్తే లైటు వెలుగుతుంది గాని ఫ్యాను తిరగదు, సాకెట్ పనిచేయదు. మూడు టెర్మినళ్లు కనిపిస్తే అది టూవే స్విచ్ (ఒకే లైటును రెండు చోట్ల నుంచి వేసి ఆర్పేది) కావచ్చు, దానికి టూవేదే తేవాలి. దుకాణానికి పాత స్విచ్‌ను వెంట తీసుకువెళ్లండి. మాడ్యులర్ స్విచ్ హైలం షీటు రంధ్రంలో కూర్చోదు. ఐఎస్‌ఐ గుర్తు చూసి తీసుకోండి.

చిటపట వచ్చిన స్విచ్ దగ్గర వైరు కొస నల్లబడి ఉంటే ఆ మేరకు కత్తిరించి, మెరిసే రాగి కనబడేలా కొత్తగా ఒలిచి, పోగులన్నీ మెలిపెట్టి, మడిచి దూర్చి బిగించాలి. బిగించాక ప్రతి వైరునూ మెల్లగా లాగి చూడాలి. ఒలిచిన భాగం టెర్మినల్ బయటికి కనబడకూడదు. వైరు తెల్లని అల్యూమినియం అయి, ముట్టుకుంటే పుటుక్కున విరిగేలా ఉన్నా, పైతొడుగు పొడిపొడిగా రాలుతున్నా, పని అక్కడితో ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

షీటు మూసి స్క్రూలన్నీ బిగించిన తరువాతే మెయిన్ వేయాలి. ఆ బోర్డులో ఇస్త్రీపెట్టె పెట్టే అలవాటు ఉంటే, దాన్ని కాసేపు వాడి కొత్త స్విచ్ మీద వేలు ఆనించి చూడండి. 40 వాట్ల ట్యూబ్‌లైట్‌కు 6 ఆంపియర్ల స్విచ్ వేడెక్కడమన్నది ఉండదు. వేడెక్కిందంటే 1000 వాట్ల ఇస్త్రీపెట్టెకు పోయే నాలుగు ఆంపియర్ల పైచిలుకు కరెంటు ఆ లూపు గుండానే వెళుతోందనీ, అక్కడి స్క్రూ సరిగా బిగియలేదనీ అర్థం. మళ్లీ అన్నీ ఆపి, ఆ స్క్రూను బిగించండి.